లొద్దిలో పిట్ట లేదనడానికి ప్రమాణం

లేకపోవడం ఎలా తెలుస్తుందన్నది మన తర్కశాస్త్రంలో చాలా పాత తగాదా. శాస్త్రకారులు దానికి ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ నేల మీద కుండ. గదిలోకి వెళ్లినవాడు ఒకసారి చూసి కుండ లేదంటాడు. అతని కంటికి ఆనింది ఖాళీ నేల మాత్రమే. మరి ‘లేదు’ అన్న సంగతి ఏ ఇంద్రియంతో తెలిసింది? కుండ స్థానంలో ఒక పాటపిట్టనూ, గది స్థానంలో ఎండ చొరని ఒక కొండ లోయనూ పెడితే తగాదా ఇంకా చిక్కబడుతుంది. కుండకు రెక్కలు లేవు, బెదురు లేదు, ఏడాదిలో ఎనిమిది నెలలు నోరు మూసుకుని ఉండే అలవాటూ లేదు.

చంద్రపూర్ జిల్లా కోర్పనా తాలూకాలోని ఆవర్‌పూర్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది సిమెంటు, దాని కింద ఉన్న సున్నపురాయి. చుట్టూ పత్తి చేలు, తెరిచిన గనులు, లారీల దుమ్ము. దక్షిణాన మాత్రం మాణిక్‌గఢ్ కొండలు లేస్తాయి. అవి జివతి మీదుగా సాగి, రాష్ట్రం సరిహద్దును పట్టించుకోకుండా, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి అడవుల్లో కలుస్తాయి. ఆ సరిహద్దు కూడా మరీ పాతదేమీ కాదు. రాజురా ప్రాంతం 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. అందుకే ఈ వైపు మరాఠీ, గోండి, కొలామీలతో పాటు తెలుగు కూడా వినిపిస్తుంది. నీడ పట్టి, నీరు ఊరే లోతైన లోయను తెలంగాణలో లొద్ది అంటారు. నల్లమలలోని లొద్ది మల్లయ్య దేవుడి పేరులో ఉన్నది ఈ మాటే.

ఈ కొండల అడవి ప్రధానంగా టేకు. వేసవికి ఆకు రాలుతుంది, మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పచ్చగా మిగిలేవి వాగుల వెంట తెల్లమద్ది, నేరేడు, వెదురు పెరిగే ఇరుకు చోట్లే. మధ్య భారతంలో నీడను కోరి గూడు కట్టే పిట్టలను వెతికేవాళ్లు సరిగ్గా ఇలాంటి చోట్లకే వెళ్తారు. పొడవాటి తోకతో, బూడిదరంగు నీడలో నిలబడి పాడే షామాను తెలుగువాళ్లు పొద నలంచి, తోక నలంచి అన్నారు. మగపిట్టకు తెల్లని రిబ్బను లాంటి తోక వేలాడే తోక పిగిలిపిట్ట ఒకటి. తొమ్మిది రంగులు ఉన్నాయని మరాఠీవాళ్లు నవరంగ్ అనే పొన్నంకి పిట్ట మరొకటి. తల నారింజ రంగులో ఉండి, రాలిన ఆకుల్ని తిరగేస్తూ తిరిగే త్రష్ ఇంకొకటి. పిట్టల తెలుగు పేర్లను పుస్తకానికి ఎక్కించినవాళ్లలో ముఖ్యుడు నెల్లూరులో వైద్యుడిగా పనిచేసిన థామస్ జెర్డన్. భారత దేశపు పక్షుల మీద ఆయన గ్రంథం 1862-64 మధ్య అచ్చయింది. పేర్లు చెప్పినవాళ్ల పేర్లు మాత్రం ఎక్కువగా అచ్చుకు ఎక్కలేదు.

రాజురా ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1931-32లో సలీం అలీ ఆ రాష్ట్రపు పక్షుల సర్వే చేశారు. అలాంటి సర్వేలో ఏ పిట్ట పేరు పక్కన అయినా ‘కనబడలేదు’ అని ఉంటే, దాన్ని ‘లేదు’ అని చదవవచ్చా? తర్కశాస్త్రం అడిగే ప్రశ్న ఇదే.

7వ శతాబ్దపు మీమాంసకుడు కుమారిల భట్టు లేకపోవడాన్ని తెలుసుకోవడానికి ప్రత్యేకంగా ఒక ప్రమాణమే ఉండాలన్నాడు. దాని పేరు అనుపలబ్ధి, అంటే దొరకకపోవడం. ప్రత్యక్షం, అనుమానం మొదలైన ఐదింటి తర్వాత ఇది ఆరోది. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఒప్పుకోలేదు. కుండ లేని నేలను చూసే కన్నే కుండ లేమిని కూడా పడుతుందనీ, దానికి వేరే ప్రమాణం ఎందుకనీ వాళ్ల వాదం. తెలుగువాడైన అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం కూడా ప్రమాణాలను నాలుగుతోనే ఆపింది. ఇన్ని వందల ఏళ్ల వాదంలో రెండు పక్షాలూ కలిసే చోటు ఒకటుంది, పిట్టల సంగతిలో అసలు విలువ ఆ చోటుదే. ఊరికే దొరకకపోవడం చాలదు, యోగ్యమైన అనుపలబ్ధి కావాలి. వస్తువు అక్కడ ఉండి ఉంటే తప్పక తెలిసేది, అయినా తెలియలేదు అన్నప్పుడే అది లేదనడం చెల్లుతుంది. చీకటి గదిలో కుండ కనబడకపోతే ఆ తప్పు కుండది కాదు.

బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఈ యోగ్యతను ఇంకా పదును పెట్టాడు. వస్తువు మనకు మూడు రకాలుగా దూరం కావచ్చునన్నాడు: దేశం వల్ల, కాలం వల్ల, స్వభావం వల్ల. దూరమైన వస్తువు కనబడకపోతే మిగిలేది సందేహమే, నిశ్చయం కాదు. స్వభావం వల్ల దూరమైనదానికి ఆ సంప్రదాయం ఇచ్చే ఉదాహరణ పిశాచం. అది ఎదురుగా ఉన్నా కనబడే రకం కాదు కాబట్టి, కనబడలేదని చెప్పి దాన్ని కొట్టేయడానికి వీల్లేదు.

లొద్దిలోని పిట్టలకు ఈ మూడు దూరాల్లో మొదటి రెండూ అతికినట్టు సరిపోతాయి. పది గజాల అవతల వెదురు గుబురులో కూర్చున్న నలంచి దేశం వల్ల దూరమే. కాలం వల్ల దూరానికి పొన్నంకి పిట్టను మించిన ఉదాహరణ లేదు. చలికాలం అంతా అది దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి, వానలకు ముందు మధ్య భారతానికి వచ్చి గూడు కడుతుంది. వచ్చాక కూడా ఎక్కువగా కూసేది తెల్లవారుతూనే, మళ్లీ పొద్దు వాలేటప్పుడు. తమిళులు దాన్ని ఆరు గంటల పిట్ట అని పిలిచింది అందుకే. జనవరిలో లొద్దికి వెళ్లి పొన్నంకి లేదని రాసినవాడూ, జూన్ నెల మిట్టమధ్యాహ్నం వెళ్లి అదే మాట రాసినవాడూ ఒకే వాక్యం రాశారు. మొదటివాడి మాట నిజం, కానీ దానివల్ల ఒరిగేదేమీ లేదు. రెండోవాడిది తొందరపాటు. ఇక స్వభావం విషయానికి వస్తే, పిట్టల్లో పిశాచం లేదు. ఎంత సిగ్గరి పిట్టైనా కంటికి, చెవికి అందే జాతిదే. ఈ తేడా తర్వాత అవసరమవుతుంది.

తత్త్వవేత్తలు మాటల్లో చెప్పిన యోగ్యతను గణాంక శాస్త్రజ్ఞులు ఈమధ్య అంకెల్లోకి దించారు. 2002లో డారిల్ మెకెంజీ, ఆయన సహచరులు ప్రచురించిన పద్ధతి దీనికి మూలం. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, పిట్ట ఉన్న చోట కూడా ఒక్క రాకలో అది తెలిసే అవకాశం ఎంతో లెక్క కట్టడం దాని సారం. ఊహకు ఒక లెక్క: ఆ అవకాశం నూటికి 30 అనుకుంటే, మూడుసార్లు వెళ్లినా పిట్ట తప్పించుకునే అవకాశం నూటికి 34. ఆరుసార్లకు అది సుమారు 12కు, పదిసార్లకు సుమారు 3కు దిగుతుంది. సున్నా మాత్రం ఎన్నటికీ కాదు. నైయాయికుడికి ఇది నచ్చకపోవచ్చు, ఎందుకంటే అతనికి నిశ్చయం కావాలి. కానీ నేల మీది కుండ విషయంలో ఆ అవకాశం నూటికి నూరు కాబట్టే ఒక్క చూపు సరిపోయిందనీ, తర్కశాస్త్రం తన పనికి అతి సులువైన ఉదాహరణను ఎంచుకుందనీ ఇక్కడ తేలిపోతుంది.

లేకపోవడం కూడా అంతా ఒకటే రకం కాదు. అన్నంభట్టు నాలుగు అభావాలు చెప్పాడు. ఇంకా పుట్టని దాని లేమి ప్రాగభావం, దానికి మొదలు లేదు, చివర ఉంది. నశించినదాని లేమి ప్రధ్వంసాభావం, దానికి మొదలుంది, చివర లేదు. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. ఇది అది కాదు అనడం అన్యోన్యాభావం. పుస్తకంలో వల్లె వేసేటప్పుడు పొడిగా అనిపించే ఈ పట్టిక అడవిలో ప్రాణం పోసుకుంటుంది. గూట్లోని నలంచి పిల్లలో పాట ప్రాగభావంగా ఉంటుంది. నలంచి లాంటి అసలైన పాటపిట్టలు పెద్దల పాట విని నేర్చుకుంటాయి కాబట్టి, ఆ లేమి ఏదో ఒక ఉదయాన తీరిపోతుంది. పొన్నంకి అలా నేర్చుకునే వంశంది కాదు, ఆ మాటకొస్తే శాస్త్రం లెక్కలో అది పాటపిట్టే కాదు. గని కింద వాగు మూసుకుపోయి, నీడ పోయి, ఆ చోట గూళ్లు ఆగిపోతే అది ప్రధ్వంసం. సముద్రపు పిట్ట ఈ లొద్దిలో లేకపోవడం అత్యంతాభావం, దాన్ని ఎవరూ లెక్కపెట్టరు. అన్యోన్యాభావమైతే పిట్టలు చూసేవాళ్ల రోజువారీ పనే: ఇది ఆడ నలంచి, పెద్ద నలంచి అనే వేరే పిట్ట కాదు.

చలికాలపు పొన్నంకి లేమి ఈ నాలుగింట్లో దేనికీ సరిగా ఇమడదు. పోయింది కాదు, మళ్లీ వస్తుంది. తీసిన కుండను మళ్లీ తెచ్చి పెట్టినట్టు. ఇలాంటి లేమికి కొందరు నైయాయికులు సామయికాభావమని వేరే పేరు పెట్టారు. మిగతావాళ్లు దాన్ని అత్యంతాభావంలోనే కలిపేశారు. వలస పిట్టల్ని ఎరిగిన ఎవరైనా మొదటివాళ్ల వైపే మొగ్గుతారు.

నీడలో కన్ను ఓడిపోతే పని చెవిది అవుతుంది. ధ్వని ఎలా చేరుతుందన్నదానికి న్యాయ గ్రంథాలు రెండు పోలికలు చెప్తాయి. నీటి అల నుంచి అల పుట్టినట్టు ధ్వని నుంచి ధ్వని పుడుతుందన్నది ఒకటి, కడిమి మొగ్గ అన్ని వైపులా ఒకేసారి విచ్చుకున్నట్టు వ్యాపిస్తుందన్నది మరొకటి. ఎలాగైనా చెవి పట్టేది ఆ వరుసలో చివరి ధ్వనినే, పిట్ట గొంతులో పుట్టినదాన్ని కాదు. రెండు వైపులా రాతి గోడలున్న లొద్దిలో ఈ మాట అక్షరాలా నిజం. కుడి చరియ నుంచి వచ్చిన పాట ఎడమ చరియ మీద కొట్టుకుని తిరిగొస్తే వినేవాడు పిట్ట లేని వైపు చూస్తూ నిలబడతాడు. పైగా అడవిలో అనుకరించేవాళ్లున్నారు. తోక చివర రెండు కుంచెలు వేలాడే తింక పసుల పోలిగాడు డేగ అరుపునూ, ఇతర పిట్టల పాటలనూ దించేస్తాడు. విన్నది నలంచి పాటే, పాడింది నలంచి కాదు. ముత్యపు చిప్పను చూసి వెండి అనుకోవడం తర్కంలో భ్రమకు పాత ఉదాహరణ. పోలిగాడి విషయంలో చిప్పే పనిగట్టుకుని వెండిలా మెరుస్తుంది.

శబ్దం అన్న మాటకు రెండో అర్థం కూడా ఉంది: మరొకరి మాట. అన్నంభట్టు లెక్కలో ఆప్తుడి మాట ప్రమాణం, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే ఆప్తుడు. చెప్పేవాడు ఆప్తుడు కాకపోతే వెతుకులాట ఎంత దూరం దారి తప్పుతుందో ఈ మహారాష్ట్ర రాష్ట్రంలోనే రుజువైంది. ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబకు 1873లో అలన్ హ్యూమ్ శాస్త్రీయ నామం పెట్టాడు. దాని చివరి నమూనా 1884 నాటిది. రిచర్డ్ మైనర్ట్‌జ్‌హాగెన్ అనే బ్రిటిష్ సేకర్త మాత్రం 1914లో గుజరాత్‌లో తాను ఒకటి పట్టానని చీటీ రాశాడు. అది ఎవరో 19వ శతాబ్దంలో సేకరించిన చర్మాన్ని దొంగిలించి, చీటీ మార్చిన మోసమని తర్వాత బయటపడింది. ఆ చీటీని నమ్మినవాళ్లు పిట్ట లేని చోట వెతికారు. పక్షిశాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్ ఆ మోసాన్ని పక్కన పెట్టి, పాత నిజమైన నమూనాలు దొరికిన చోట్లకే బెన్ కింగ్, డేవిడ్ అబాట్‌లతో వెళ్లింది. 1997 నవంబరులో, 113 ఏళ్ల తర్వాత, ఉత్తర మహారాష్ట్ర షహాదా దగ్గర పట్టపగలు బోడి కొమ్మ మీద ఆ పిట్ట కనబడింది. అన్నేళ్లూ అది పగలే తిరిగే గుడ్లగూబ. దాచింది చీకటి కాదు, ఒక అబద్ధపు మాట.

దీనికి ఎదురు కథ కడపది. జెర్డన్ 1848లో గుర్తించిన కలివి కోడి 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర అది తిరిగి దొరికిందంటే, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ అక్కడి వేటగాళ్లను అడిగి తెలుసుకోవడం వల్లే. పుస్తకాల్లో ప్రధ్వంసాభావం అయిపోయిన పిట్ట ఊరివాళ్ల మాటలో బతికే ఉంది. ఆప్తుడి మాటంటే వేదవాక్యమనో పెద్దల వాక్యమనో అనుకునే అలవాటు ఈ చోట బొత్తిగా పనికిరాదు.

ఇంతవరకు ప్రశ్న పిట్టది. అదే కొండల్లో, తెలంగాణ మహారాష్ట్రల సరిహద్దున, ఒక గుహలో గోండుల జంగుబాయి ఉంది. పుష్య మాసంలో గోండులు, పరధానులు, కొలాములు అక్కడికి వస్తారు. ఆమె కనబడలేదని వాళ్లెవరూ నోటుబుక్కులో రాసుకోరు. కనబడని దేవత ఉందనడానికీ, కనబడని పిట్ట ఉందనడానికీ తేడా ఉందా?

ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నవాడు 10-11 శతాబ్దాల నాటి ఉదయనుడు. ఈశ్వరుడు కనబడడు కాబట్టి లేడన్న వాదాన్ని ఆయన న్యాయకుసుమాంజలి మూడో స్తబకంలో యోగ్యానుపలబ్ధితోనే తిప్పికొట్టాడు. కనబడే యోగ్యత ఉన్నది కనబడకపోతే కదా లేనట్టు, ఈశ్వరుడికి ఆ యోగ్యతే లేదు. అయితే కుందేటి కొమ్మును కూడా కాదనలేం కదా అంటే, కొమ్ము అనేది కనబడే జాతి వస్తువు, ఉంటే కుందేటి తల మీద తెలిసేదే, కనుక దాన్ని కాదనవచ్చు అన్నాడు. ప్రత్యక్షం తప్ప ఏదీ ఒప్పుకోని చార్వాకుడిని ఆయన ఆటపట్టించిన తీరు ఇంకా బాగుంటుంది: గడప దాటగానే భార్యాబిడ్డలు కనబడరు కాబట్టి, పోయారని ఏడవవలసిందేనట.

ఉదయనుడి వాదం ఎంత దూరం పోతుందో, ఎక్కడ ఆగుతుందో రెండూ చూడాలి. ఈశ్వరుడు లేడనడానికి అనుపలబ్ధి చాలదని మాత్రమే అది చూపిస్తుంది. ఉన్నాడనడానికి ఆయనే ఐదో స్తబకంలో వేరే హేతువులు వెతుక్కోవలసి వచ్చింది. ఈ లెక్కన ఒక చివర కుందేటి కొమ్ము ఉంది, ఒక్క చూపుతో కొట్టేయవచ్చు. ఇంకో చివర ఈశ్వరుడు, జంగుబాయి, పిశాచం. ఎన్నిసార్లు వెళ్లినా చూపు అక్కడ దేన్నీ తేల్చదు. లొద్దిలోని పిట్ట ఈ రెండింటికీ మధ్య ఉంటుంది. దాని యోగ్యత స్థిరంగా ఉండదు, నెలతో, గంటతో, వినేవాడి చెవితో పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. భక్తుడి ఓపికనూ, పిట్టలు చూసేవాడి ఓపికనూ ఒకటే అనడం వినసొంపుగా ఉంటుంది గానీ నిజం కాదు. పిట్ట కోసం పదకొండోసారి వెళ్లినవాడికి పదోసారి కంటే ఎక్కువ తెలుస్తుంది. భక్తుడు ఆ లెక్క కోసం వెళ్లడు.

పిట్ట ఉందని తేలాక రెండో ప్రశ్న: అది ఇక్కడ గూడు కడుతోందా? పక్షుల అట్లాసుల్లో దీన్ని మూడు మెట్లుగా రాస్తారు. తగిన చోట, తగిన కాలంలో మగపిట్ట పాడితే ‘సాధ్యం’. జంట కనబడినా, ఒకే చోటును పట్టుకుని కాపలా కాసినా ‘సంభావ్యం’. గూడు, గుడ్లు, పిల్లలకు మేత మోసే పెద్దలు కనబడితే ‘నిశ్చితం’. ముక్కున పురుగుతో, మింగకుండా, మళ్లీ మళ్లీ ఒకే పొద వైపు ఎగిరే పిట్టను చూసి పిల్లలున్నాయని అనుకోవడం పొగను చూసి నిప్పును అనుమానించడం లాంటిదే, న్యాయంలో దీనికి శేషవత్ అని పేరు. ఇందులోనూ వ్యభిచారం, అంటే హేతువు తప్పే అవకాశం, ఉంది: పపీహా కోకిల బాబ్లర్ల గూట్లో గుడ్డు పెడుతుంది, కాబట్టి బాబ్లర్ మేత మోస్తున్నంత మాత్రాన పెరిగేది బాబ్లర్ పిల్లే కానక్కర్లేదు.

మెట్టు ఎక్కేకొద్దీ తెలుసుకునేవాడు గూటికి దగ్గరవుతాడు. కుండను ఎంత దగ్గరగా చూసినా కుండకు ఏమీ కాదు. గూటిని దగ్గరగా చూస్తే తల్లి లేస్తుంది, గుడ్లు ఎండకు వదిలిపోతాయి, చూస్తున్న కాకికి దారి తెలుస్తుంది. పతంజలి యోగసూత్రాలు హింసను స్వయంగా చేసినది, చేయించినది, ఒప్పుకున్నది అని మూడుగా విడదీశాయి. గూడు చూడబోయినవాడు గుడ్డు ముట్టుకోడు. అయినా కాకి చేసిన పనిలో అతని పాలు రెండో రకం కింద లెక్కకు వస్తుంది. ఆధునిక చట్టమూ దీనికి దూరంగా లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాట నిర్వచనంలోనే అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ అలజడి పెట్టడం కూడా ఉంది.

ఫోనులో పాట వినిపించి పిట్టను బయటికి రప్పించే పద్ధతి మరో చిక్కు. మగ నలంచి తన చోటులోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని, మేత మానేసి, లేని శత్రువు కోసం వెతుకుతుంది. అంటే అభావాన్ని భావంగా చూపి దాన్ని నమ్మించడం. మనిషి తన ప్రత్యక్షం కోసం పిట్టకు భ్రమ కలిగిస్తున్నాడు. గూడు కట్టే రోజుల్లో ఇది చేయకూడదన్నదే పిట్టలు చూసేవాళ్లలో బాధ్యత ఎరిగినవాళ్ల నియమం.

చివరిది, తెలిసినదాన్ని చెప్పడం. యోగసూత్రాల మీద వ్యాసభాష్యం సత్యాన్ని వివరిస్తూ, ప్రాణులకు చేటు తెచ్చే మాట ఉన్నది ఉన్నట్టుగా ఉన్నా సత్యం కాదంటుంది. ఫలానా వాగు, ఫలానా మద్ది తొర్రలో నలంచి గూడు అని రాసినవాడు ఆప్తుడే, మాటా నిజమే, అయినా ఈ కొలతకు నిలవదు. అందుకే అరుదైన పిట్టల గూళ్ల సంగతి రాసేటప్పుడు జిల్లా పేరో కొండ పేరో చెప్పి ఆపడం మంచి పద్ధతి. గూటికి దూరం పాటిస్తే చాలా నమోదులు ‘నిశ్చితం’ దాకా ఎక్కవు. తగిన చోటు, జూన్ ఉదయం, పాడుతున్న మగపిట్ట అని రాసి ఉంటుంది, ఎదురుగా గడిలో ‘సాధ్యం’ అని ఉంటుంది. వచ్చే ఏడు వానలకు ముందు ఎవరో మళ్లీ ఆ లొద్దిలోకి దిగి, చీకటితోనే వచ్చి కూర్చునేదాకా ఆ గడి మారదు.